చెల్లాయికి, అన్నం గిన్నె గురించి

కావలి,
ఆదివారం సాయంత్రం

చి. చెల్లాయికి అక్క ఆశీస్సులు.

మొన్న ఫోనులో "నాలుగడుగులు వేయలేనిదాన్ని, నేనెలా తగ్గుతానక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నావు. నాకు అప్పుడే జవాబు నోటిదాకా వచ్చింది. కానీ ఫోనులో చెబితే సగం మరచిపోతావు, మిగతా సగాన్ని నీకు అనుకూలంగా మార్చి మరిదిగారికి చెబుతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు.

నడిస్తేనే బరువు తగ్గుతుందని నీకెవరు చెప్పారో గానీ, ఆ మాట వల్లే నువ్వు మూడేళ్లు పోగొట్టుకున్నావు. నీ ఒళ్లున్న మనిషి అరగంట మెల్లగా నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు వంద గ్రాముల అన్నం ఇచ్చే శక్తి, అంటే ఒక పెద్ద గరిటెడు. ఆ గరిటెడు వడ్డించుకోకపోతే మోకాలు నొప్పి పుట్టకుండానే ఆ లెక్క తేలిపోతుంది. నేను మొదలుపెట్టిన రోజుల్లో వంటింటి నుంచి వీధి గుమ్మానికి రావడానికి గోడ పట్టుకునేదాన్ని. పద్నాలుగు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గాను. ఒక్క రోజు కూడా పార్కుకు వెళ్లలేదు. మోకాలికి వచ్చే లాభం ఇంకో లెక్క. ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కీళ్ల మీద పరిశోధన చేసినవాళ్లు కొలిచి చెప్పారు. నువ్వు అయిదు కిలోలు తగ్గితే అడుగడుక్కీ ఇరవై కిలోల బస్తా దించినట్లు.

ఇది కొత్త వింత కూడా కాదు. లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన ఉండేవాడు. శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారం. 1862లో ఆయనకు ఇంచుమించు 66 ఏళ్లు, బరువు 92 కిలోల దాకా. వంగి బూటు తాడు కట్టుకోలేడు. మోకాళ్లూ చీలమండలూ అదిరిపోతాయని మేడమెట్లు వెనక్కి తిరిగి ఒక్కొక్కటే దిగేవాడు. నువ్వు డాబా మెట్లు దిగేదీ అలాగే కదా! చెవి సరిగ్గా వినపడటం లేదని వైద్యుడి దగ్గరికి వెళితే ఆ చెవి వైద్యుడే రొట్టె, పంచదార, బంగాళాదుంప, బీరు మానిపించి మాంసం, చేపలు తినమన్నాడు. ఏడాదికి 21 కిలోలు తగ్గాడు, మెట్లు మామూలుగా దిగాడు, 81 ఏళ్లు బతికాడు. ఆయన భోజనంలో ద్రాక్షసారా కూడా ఉండేది. ఆ సంగతి మరిదిగారికి చదివి వినిపించకు.

ఇక మన రొట్టె అన్నమే. నెల్లూరు మొలగొలుకుల పేరు చెప్పుకుని పెరిగినవాళ్లం, అన్నం తక్కువ పెడితే అవమానం అనుకునే ఇళ్లు మనవి. నేను మొదటి రోజు చేసిన పని ఒక్కటే. కోడలి వంటింటి కాటా తీసుకుని, ఎప్పటిలాగే వడ్డించుకుని, తినకముందు తూచాను. మధ్యాహ్నం 450 గ్రాములు, రాత్రి 300. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే అన్నం ద్వారానే రోజుకు 210 గ్రాములు. పొద్దున ఇడ్లీలు, సాయంత్రం టీలో చక్కెర, పెరుగన్నంలో అరటిపండు ఇంకా కలపలేదు. తక్కువ పిండిపదార్థం అని వైద్యులు అనేది సాధారణంగా రోజంతా కలిపి 130 గ్రాముల లోపు. ఆ రోజు కాటా ముందు కూర్చుని నవ్వుకున్నాను. "నేనేమీ తినను, గాలి పీల్చినా లావెక్కుతాను" అని ఎన్నిసార్లు అన్నానో!

సజ్జలు, రాగులు, కొర్రలకు మారితే సరిపోతుందని నీ పక్కింటావిడ చెప్పిందన్నావు. సంతోషం, పీచు ఎక్కువ, కడుపు నిండుగా ఉంటుంది. కానీ వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే రాగుల్లో 67, సజ్జల్లో 62 ఉంటుంది. సంగటి ముద్ద మీద ముద్ద లాగిస్తే తేడా ఎక్కడ మిగులుతుంది? కనిగిరి వైపు మన నాయనమ్మ వాళ్లు సజ్జ సంగటి తిని సన్నగా ఉన్నారంటే, బావి నుంచి నీళ్లు మోసి, చేలో కలుపు తీసి ఉన్నారు. మనం ఆ ముద్ద తిని టీవీ ముందు కూర్చుంటాం.

తగ్గించే ముందు ఒక పని తప్పకుండా చెయ్యి. దీని దగ్గర నేను పడ్డాను, నిజంగానే పడ్డాను. కొన్నేళ్ల కిందట ఊరంతా కొబ్బరినూనె తాగి అన్నం మానేస్తున్నప్పుడు నేనూ ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా అన్నం మానేశాను. షుగర్ బిళ్ల, బీపీ బిళ్ల మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నాను. నాలుగో రోజు తెల్లవారుజామున తులసికోట దగ్గర కళ్లు బైర్లు కమ్మి పడిపోయాను. మణికట్టు విరిగింది. చక్కెర చూస్తే 58. తప్పు నాదే, వైద్యుడికి చెప్పకపోవడం.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ బిళ్లలూ, ఇన్సులినూ నువ్వు తినే అన్నాన్ని లెక్కలోకి తీసుకుని రాసినవి. అన్నం తగ్గి మందు తగ్గకపోతే చక్కెర పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం చాలా తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ బిళ్లలు వాడుతూ అన్నం బాగా తెగ్గోస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు షుగర్ మీటరులో అంకె మామూలుగా కనిపించినా సరే. వికారం, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆస్పత్రికి వెళ్లడమే. బీపీ మందు సంగతి మరొకటి. పిండిపదార్థం తగ్గిన మొదటి వారంలో ఒంట్లో నీరు, ఉప్పు బయటికి పోతాయి, బీపీ దిగుతుంది. దానికి తోడు నీరు పోయే బిళ్ల కూడా ఉంటే మంచం దిగగానే కళ్లు తిరుగుతాయి. మన వయసులో పడటం కంటే లావుగా ఉండటం నయం. నీ మందుల సంచీ మొత్తం తీసుకెళ్లి వైద్యుడి బల్ల మీద కుమ్మరించి, "మధ్యాహ్నం చిన్న గిన్నెడు తప్ప అన్నం మానేస్తున్నాను, ఇందులో ఏవి మార్చాలి" అని అడుగు. సొంతంగా ఏ బిళ్లా మానకు. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించు. మూత్రపిండాల్లో లోపం ఉంటే నేను కింద చెప్పబోయే మాంసకృత్తుల లెక్క నీకు పనికిరాదు, వాళ్లు చెప్పిందే తినాలి.

తలగడ పక్కన చక్కెర డబ్బా పెట్టుకో. చెమటలు, వణుకు వచ్చి మీటరులో 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగు, పావుగంటకు మళ్లీ చూసుకో. ఆ కాసేపు బరువు సంగతి మరచిపో.

ఇప్పుడు కంచం. నేను అన్నం నుంచి మొదలుపెట్టను. ముందు చేపో, గుడ్డో, పప్పో కంచంలో పడాలి, తర్వాత కూర, చివరికి అన్నం. వంద, నూటయాభై గ్రాములు పట్టే చిన్న స్టీలు గిన్నె ఒకటి పెట్టుకున్నాను. మధ్యాహ్నం అది నిండా అన్నం, అంతే. రాత్రి అన్నం లేదు. ముసలితనంలో బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కండ పోతే కుర్చీలోంచి లేవడానికి మనుషులు కావాలి. అందుకే మాంసకృత్తులు తగ్గకూడదు. మూత్రపిండాలు బాగున్న పెద్దవాళ్లకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు అంటారు. నీకు రోజుకు 65, 70 గ్రాములు అందితే చాలు. రెండు గుడ్లలో 12, నూటయాభై గ్రాముల చేప ముక్కల్లో 28 దాకా, యాభై గ్రాముల పెసల్లో 12, ఒక గిన్నె పెరుగులో 7, గుప్పెడు వేరుశనగల్లో 7. అక్కడికే సరిపోయింది. చూశావా, దీనికి డబ్బా పొడులేమీ అక్కర్లేదు.

చేపల ఊరివాళ్లం మనకు ఇది కష్టమా? తుమ్మలపెంట నుంచి వచ్చే ఆమె దగ్గర నెత్తళ్లు దొరికిన రోజు నాకు పండుగ. చిక్కు ఎక్కడంటే, మన చేపల పులుసు అన్నాన్ని పిలుస్తుంది. మామిడికాయ ముక్క వేసి, ఒక రాత్రి నిలవుంచిన పులుసు ముందు చిన్న గిన్నె అన్నం పెట్టుకుని కూర్చోవడం తపస్సు. నేను పులుసు వారానికి ఒక్కరోజు చేసుకుంటాను, ఆ రోజు ముక్కలు నాలుగు, అన్నం ఆ గిన్నెడే. మిగతా రోజుల్లో ఇగురు, లేదా పెనం మీద రెండు చెంచాల నూనెతో వేపుడు. ఇవి అన్నం లేకుండా ఉత్తినే తినవచ్చు. కాలీఫ్లవర్ తురిమి అన్నం అనుకోమంటారు కొందరు. ఒకసారి చేశాను. అనుకోలేకపోయాను.

పొద్దున పులిబొంగరాలు, కారం దోశ మానలేవని తెలుసు. మానకు, మార్చు. పెసరట్టు పల్చగా ఒకటి, దాని మీద గుడ్డు కొట్టి కారం చల్లు. దోశ మీది కారమే కదా మనకు కావలసింది! రాత్రికి బీర, సొర, పొట్ల, వంకాయ, గోరుచిక్కుడు ఏదైనా పెద్ద గిన్నెడు కూర, దాంతో గుడ్లో, చేపో, పనీరో. ఆకుకూరలు బాగా తిను. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు మాత్రం ఆకుకూరల మోతాదు ఒక్కసారిగా పెంచకూడదు, అది నీకు లేదు కానీ మీ వదినగారికి ఉందన్నావు, ఆవిడకు చెప్పు. బంగాళాదుంప, చేమదుంప, సగ్గుబియ్యం పక్కన పెట్టు. పండ్లలో జామకాయ సగం. మామిడి కాలంలో ఒక చెక్క, అదీ భోజనం తర్వాత కాకుండా భోజనంలో భాగంగా. నీళ్లు, పల్చటి మజ్జిగ తాగుతుండు. గూడూరు నిమ్మకాయ పిండి చిటికెడు ఉప్పేసిన మజ్జిగ నన్ను మొదటి వారం నిలబెట్టింది. బీపీ వల్ల ఉప్పు ఎంతో నువ్వు వైద్యుణ్ణి అడగాలి. మలబద్ధకం వస్తుంది, ముందే చెబుతున్నాను. నీళ్లూ కూరలూ పెంచితే సర్దుకుంటుంది.

ఒక్కసారిగా వద్దు. మొదటి వారం రాత్రి అన్నం సగం చెయ్యి. రెండో వారం రాత్రిది పూర్తిగా తియ్యి. మూడో వారం మధ్యాహ్నం మీదికి రా. మొదట్లో రెండు కిలోలు గబగబా పోతాయి. అది నీరు, మురిసిపోకు. తర్వాత వారానికి అరకిలో తగ్గితే చాలా బాగున్నట్లు. అంతకంటే మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం కూడా ఉంది. కాటా మీద నిలబడలేని రోజున టేపు చాలు, బొడ్డు దగ్గర కొలువు. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాది ఇప్పటికీ 91. ఒకప్పుడు 104.

కుర్చీ సంగతి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చేతులున్న చెక్క కుర్చీని గోడకు ఆనించి, ఎత్తు చాలకపోతే దిండు వేసుకో. కూర్చుని ఒక కాలు ముందుకు చాచి మోకాలు నిటారుగా చేసి అయిదు అంకెలు లెక్కపెట్టి దించు. కాలికి పదిసార్లు. తర్వాత చేతుల ఆసరాతో లేచి నిలబడి మెల్లగా కూర్చో. మొదటి రోజు నాకు మూడుసార్లకే ఆయాసం వచ్చింది. నెల తిరిగేసరికి పది. అరలీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తడం టీవీ చూస్తూ చేయవచ్చు. మోకాలు వాచి వేడిగా ఉన్న రోజు చేతులవే చెయ్యి, కాళ్లు వదిలెయ్యి.

అన్నింటికంటే కష్టం ఇంట్లోవాళ్లు. "ఈ వయసులో నోరు కట్టుకోవడమెందుకు" అని మీ అబ్బాయి ప్రేమగా అంటాడు. పేరంటాల్లో రెండో గరిటె వద్దంటే వడ్డించేవాళ్లు నొచ్చుకుంటారు. నేను ముందే కూర కుప్పగా వేయించుకుని కంచంలో ఖాళీ లేకుండా చేస్తాను. అయినా కొన్ని రోజులు తప్పుతుంది. మనవరాలి పుట్టినరోజుకు నేను బొబ్బట్లు మూడు తిన్నాను, దాచను. మర్నాడు మళ్లీ చిన్న గిన్నె తీశాను.

వైద్యుణ్ణి చూశాక బస్సెక్కవద్దు, మీ అబ్బాయి కారులో రా. వారం రోజులు ఇక్కడే ఉండు, చిన్న గిన్నె నీకూ ఒకటి కొనిపెట్టాను. మందుల సంచీ మరచిపోకు. నెల్లూరు వెళ్లినప్పుడల్లా మలైకాజా తెచ్చే అలవాటు మానుకోమని మరిదిగారికి చెప్పు. తెచ్చారే అనుకో, ఒకటి నేను తింటాను, నీకివ్వను.

మీ అక్క