కొత్త కస్టమ్స్ పద్ధతులకు ముందు మేమేనా?

ప్రశ్న: చెన్నై లింగిశెట్టి వీధిలో మాది పంపుల విడిభాగాల దిగుమతి వ్యాపారం. 2020లో ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ (సరకు దిగిన ఊళ్లో కాక వేరే ఊళ్లోని అధికారి తెరమీద సుంకం మదింపు చేసే పద్ధతి) వచ్చిన కొత్తలో మా మెకానికల్ సీళ్ల (పంపు నుంచి ద్రవం కారకుండా ఆపే భాగాల) పెట్టె ఒకటి, వేరే ఊరి అధికారి వేసిన ప్రశ్న వల్ల నాలుగు రోజులు ఆగిపోయి, డెమరేజ్ (సరకు ఆగిపోయినందుకు కట్టే రుసుము) మా నెత్తిన పడింది. ఏటి లోతు చూడడానికి ప్రతిసారీ మమ్మల్నే దింపడం న్యాయమా? - ఒక పాఠకుడు

జవాబు: నష్టం మీది కనుక కోపం సహజమే గాని, ముందుగా కొందరిని దింపడాన్ని నేను తప్పుపట్టను. 2020 జూన్ 8న ఈ పద్ధతిని దేశమంతటా ఒకేసారి తేకుండా బెంగళూరు, చెన్నైలలో, అదీ ప్రధానంగా టారిఫ్ (ఏ వస్తువుకు ఎంత సుంకమో చెప్పే పట్టిక) 84, 85 అధ్యాయాల కిందికి వచ్చే యంత్రాలకు, విద్యుత్ పరికరాలకు మొదలుపెట్టారు. ఒకచోట దాఖలైన బిల్ ఆఫ్ ఎంట్రీని (దిగుమతి సరకు వివరాల పత్రాన్ని) మరోచోటి అధికారి మదింపు చేయడమే ఇందులోని కీలకం కాబట్టి కనీసం రెండు ఊళ్లు కావాలి. పొరపాటు జరిగినా అది అక్కడికే పరిమితమవుతుంది. అక్టోబరు 31 నాటికి దేశమంతటికీ విస్తరించారు.

నా అభ్యంతరం వేరు. పరీక్ష అన్నప్పుడు పోల్చి చూడడానికి పాత పద్ధతిలో నడిచే సరకు కూడా పక్కన ఉండాలి. లాక్‌డౌన్ అప్పుడప్పుడే సడలుతున్న ఆ జూన్‌లో విమానాలూ అంతంతమాత్రమే, సిబ్బందీ అంతంతమాత్రమే. సరకు విడుదలకు అప్పుడు పట్టిన గంటలను అంతకుముందు ఏటి గంటల పక్కన పెడితే, కనిపించిన తేడా నిబంధన వల్ల వచ్చిందో కరోనా వల్ల వచ్చిందో తేలదు. ఒకే నెలలో, ఒకే రకం సరకుకు దాఖలైన బిల్లులలో కొన్నింటిని చీటీ తీసినట్లు కొత్త దారికీ, మిగిలినవాటిని పాత దారికీ పంపితేనే సంగతి తెలుస్తుంది. ఇష్టపడి వచ్చినవారితోనే పరీక్ష జరిపితే ఏఈఓ గుర్తింపు (నమ్మదగినవారని కస్టమ్స్ శాఖ ఇచ్చే హోదా) ఉన్న సంస్థలే ముందుంటాయి. వాటి సరకు ఎలాగూ త్వరగానే బయటపడుతుంది. అయితే ఈ చీటీ పద్ధతి కాగితాల నడకకే గాని సుంకం రేటుకు పనికిరాదు, ఒకే రోజు ఒకే వస్తువు తెచ్చిన ఇద్దరికి రెండు రేట్లు వేస్తే అది కోర్టులో నిలవడం కష్టం.

ఇక మీ సీళ్ల విషయం. పంపులో బిగించేవే కదా అని వాటిని పంపు భాగాలుగా టారిఫ్‌లో పంపుల శీర్షిక అయిన 8413 కింద చూపించి ఉంటారని నా అనుమానం. మెకానికల్ సీళ్లకు 8484లో సొంత స్థానం ఉంది, సొంత శీర్షిక ఉన్న భాగం అక్కడికే పోవాలన్నది టారిఫ్ పదహారో విభాగపు నియమం. ఇదివరకైతే అధికారి నమూనా తెప్పించుకుని చేతిలో తిప్పి చూసేవారు; ఇప్పుడు ఆయన ముందున్నది తెర ఒక్కటే కాబట్టి క్యాటలాగును, డ్రాయింగును బిల్లుతోపాటే కస్టమ్స్ వారి ఆన్‌లైన్ పత్రాల వ్యవస్థ అయిన ఇ-సంచిత్‌లో ఎక్కించండి. ప్రశ్న రావడానికి ఎన్ని గంటలు పట్టింది, మీరు జవాబివ్వడానికి ఎన్ని, సుంకం కట్టడానికి ఎన్ని అనేవి ఇకనుంచి విడివిడిగా రాసి ఉంచండి (మన ఆలస్యాన్ని కూడా అధికారుల ఖాతాలో వేయడం మనకు బాగా అలవాటు). కస్టమ్స్ హౌస్‌లో జరిగే వాణిజ్య సౌలభ్య కమిటీ సమావేశంలో మీ సంఘం తరఫున ఆ లెక్క పెట్టి, ఈసారి పరీక్ష మొదలయ్యే ముందే ఏయే గంటలు కొలుస్తారో ప్రకటించమని అడగండి.