ఆ బూట్ల సంగతి ఇంకా అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

కరీబియన్ దీవి గ్రెనడా మీద నువ్వు రాసి పంపిన వ్యాసం పేజీలన్నీ చదివాను. మొదటి నాలుగు పేజీలూ చదువుతుంటే ఏదో ట్రావెల్ ఏజెంటు పంపిన బ్రోచరేమో అనిపించింది. గ్రాండ్ ఆన్స్ బీచి, తెల్ల ఇసుక, నీలం నీళ్ళు, సూర్యాస్తమయం, కొబ్బరిచెట్లు. అవన్నీ తీసెయ్. కోనసీమ పిల్లవి, కొబ్బరిచెట్టు చూసి ఆశ్చర్యపోయానంటే నమ్మేదెవరు? గ్రెనడాలో దిగిన తెలుగువాళ్ళం అందరం మొదటి నెలలో ఇదే రాస్తాం, ఫోటోలు కూడా ఇవే తీస్తాం, కాబట్టి సిగ్గుపడాల్సిందేం లేదు. తీసేస్తే చాలు.

అయిదో పేజీలో వ్యాను వచ్చింది, అప్పుడు లేచి కూర్చున్నాను. నువ్వు ఎక్కి, ఎవర్నీ పలకరించకుండా కిటికీ పక్కన కూర్చున్నావు, వ్యానంతా ఒక్క క్షణం మాట ఆపేసింది, ముందు సీట్లో ముసలావిడ వెనక్కి తిరగకుండానే నీ తరఫున గట్టిగా 'గుడ్ మార్నింగ్' అంది, మిగిలినవాళ్ళందరూ బదులు చెప్పారు. ఎంత బాగుందో. ఆ దీవి మర్యాద మొత్తం అందులో ఉంది. అక్కడ కొట్లోకి వెళ్ళి పలకరింపు లేకుండా సరుకు అడిగితే కొట్టువాడు నీ వైపు చూడడు, అది పొగరు కాదు, నువ్వింకా రాలేదన్నట్టు లెక్క. నువ్వు ఈ సీను రాసి, వెంటనే కింద ఓ పేరాలో 'కరీబియన్ ప్రజల ఆత్మీయత' అని వివరణ పెట్టావు. ఆ పేరా ఎందుకు? ముసలావిడ మెడ తిప్పకుండా అన్నదని రాశాక ఇంకా చెప్పాల్సింది ఏముంది?

ఆయిల్ డౌన్ వండిన ఆదివారం కూడా అంతే, ఉంచు, ఇంకాస్త పెంచు కూడా. సీమపనస ముక్కలు, ఉప్పుమాంసం, పిండి ముద్దలు కుండలో వరసగా పేర్చి, పసుపు కలిపిన కొబ్బరిపాలు పోసి, పైన చేమాకు కప్పి, పాలన్నీ ఇగిరి అడుగున నూనె తేలేదాకా కదపకుండా ఉంచుతారని రాశావు, సరే. కానీ నువ్వు మాంసం తినవని మీ ఇంటి ఓనరమ్మ నీకోసం చిన్న గిన్నె విడిగా పెట్టిందన్నది ఒక్క ముక్కలో కానిచ్చేశావు. పేర్చే పని తనది, ఎవర్నీ ముట్టుకోనివ్వదు అని నువ్వే అన్నావుగా, మరి ఆ చిన్న గిన్నె పేర్చడానికి నిన్ను రానిచ్చిందా లేదా? రానిస్తే అదొక కథ, రానివ్వకపోతే ఇంకొక కథ.

మధ్యలో 1857లో మేడ్‌స్టోన్ ఓడలో దిగిన భారతీయ కూలీల గురించి రెండు పేజీలు ఉన్నాయి. వాళ్ళ మునిమనవల్ని పట్టుకుని 'మనవాళ్ళు' అని అన్నిసార్లు అనకు. వాళ్ళకి మన అవసరం ఏమీ లేదు. ఎవరైనా ఒకరు నీకు నిజంగా స్నేహితులైతే ఆ స్నేహం గురించి రాయి.

ఇక అసలు విషయం. ఐలాండ్ క్వీన్.

ఓనరమ్మ అక్క ఆ ఓడలో వెళ్ళిందని నీకు తెలిసిన రోజు నుంచీ నువ్వు దాన్ని వదిలిపెట్టలేకపోతున్నావని పేజీలు చూస్తేనే తెలుస్తోంది. తెలియనివాళ్ళ కోసం నువ్వు చెప్పాల్సింది కూడా తక్కువే: 1944 ఆగస్టు 5, శనివారం. గ్రెనడా రాజధాని సెయింట్ జార్జెస్ నుంచి రెండు స్కూనర్లు, అంటే తెరచాప ఓడలు, సెలవులకి సరదాగా సెయింట్ విన్సెంట్ వెళ్ళే జనంతో బయల్దేరాయి. ప్రావిడెన్స్ మార్క్ అనేది అక్కడి కింగ్స్‌టౌన్ రేవు చేరింది. ఐలాండ్ క్వీన్ చేరలేదు. అందులో 60 మందికి పైగా ఉన్నారు, చాలామంది పాతికలోపు వాళ్ళు. ఒక్క శవం దొరకలేదు. ఒక్క చెక్క ముక్కయినా తేలలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నువ్వేం చేశావంటే, ఆ డెక్కు మీదకి వెళ్ళిపోయావు. పాటలు, గిటారు, వెన్నెల, నీళ్ళలోంచి దూసుకొచ్చే టార్పెడో, అరుపులు, చివరిసారి అమ్మని తలుచుకున్న అక్క. మూడు పేజీలు. భాష బాగుంది, నీకు చెయ్యి ఉంది, అందుకే ఇంకా ప్రమాదం. అక్కడ ఏం జరిగిందో చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదమ్మా. సబ్‌మెరైన్ అంటారు, మైను అంటారు, ఇంజన్లో మంట అంటారు, సముద్రం అడుగున ఉన్న కిక్ ఎమ్ జెన్నీ అగ్నిపర్వతం అంటారు, రమ్ము షాపులో కూర్చుంటే గ్లాసుకో సిద్ధాంతం వినిపిస్తారు. నువ్వు వాటిలో ఒకటి ఏరుకుని దాన్నే నిజం చేసేశావు. ఎనభై ఏళ్ళుగా ఆ కుటుంబాలకి దొరకని జవాబు నువ్వు సెమిస్టర్ సెలవుల్లో ఇచ్చేస్తే ఎలా?

యుద్ధం ఉండాలి, కాదనను. కానీ తేదీలు ఆ అక్క చుట్టూ ఉండాలి, వికీపీడియా వరసలో కాదు. ఆ పిల్ల బడికెళ్ళే వయసులో, 1942 ఫిబ్రవరి 16న, అరూబాలో చమురు ట్యాంకర్ల మీద జర్మన్ సబ్‌మెరైన్ దాడి చేసింది. రెండు రోజులకి ఇంకొకటి ఏకంగా పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవులోకే దూరి రెండు ఓడల్ని కొట్టింది, మార్చిలో అదే సెయింట్ లూసియాలో క్యాస్ట్రీస్ రేవులోకి, సెప్టెంబరులో వేరొకటి బార్బడోస్ ఒడ్డున బ్రిడ్జ్‌టౌన్ దగ్గరికి. గోధుమపిండి దగ్గర్నుంచి అన్నీ ఓడల మీద రావాల్సిన దీవులవి. ఓడ రాకపోతే యుద్ధం వంటింట్లోకి వచ్చినట్టే. 1944 నాటికి ఆ భయం చాలావరకు తగ్గింది, తగ్గింది కాబట్టే జనం ఓడెక్కి పండక్కి బయల్దేరారు. నాకు గుండె పట్టేసింది అక్కడ. యుద్ధం నడిమధ్యలో పోయి ఉంటే ఒకరకం. భయం వదిలిందనుకుని, మంచి బట్టలేసుకుని వెళ్ళినవాళ్ళు వీళ్ళు.

మంచి బట్టలంటే గుర్తొచ్చింది, బూట్లు. నీ పదకొండో పేజీలో, టార్పెడోకి ముందు, ఒకే ఒక్క వాక్యం: అక్క ప్రయాణానికి స్నేహితురాలి దగ్గర బూట్లు అరువు తీసుకుందని, కొన్నాళ్ళకి వాళ్ళమ్మ ఎలాగో డబ్బు కూడబెట్టి కొత్త జత కొని ఇవ్వబోతే ఆ స్నేహితురాలు పుచ్చుకోలేదని.

అమ్మాయీ, నువ్వు రాయాల్సింది ఇది. దీన్ని దాటుకుని వెళ్ళి వెన్నెల్లో గిటారు వాయించావు.

ఆ అమ్మ ఎన్నాళ్ళకి కొన్నది? వారానికా, ఏడాదికా? వారానికే అయితే కూతురు రాదని ఆవిడ అప్పటికే ఒప్పుకున్నట్టు, ఏడాదికైతే ఏడాదంతా ఆ బాకీ నెత్తిన మోసినట్టు. స్నేహితురాలు వద్దన్నది మొహమాటం కొద్దీనా, లేకపోతే తీసుకుంటే మనిషి పోయిందని సంతకం పెట్టినట్టవుతుందనా? పుచ్చుకోని జత ఏమైంది? ఓనరమ్మ అప్పటికి చిన్నపిల్ల, పెద్దయ్యాక అవి తనే వేసుకుందా? నువ్వు ఇవేవీ అడగలేదు. నువ్వు అడిగిన ప్రశ్న నాకు కనబడుతూనే ఉంది, ఆవిడ జవాబు 'చాలా బాధగా ఉండేది' అని ఉంది కదా, అంటే 'మీకప్పుడు ఎలా అనిపించింది' అని అడిగి ఉంటావు. టీవీ మైకు పట్టుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న అది. దానికి ఎవరైనా అంతే చెబుతారు. అక్క మంచం ఏం చేశారు, ఆమె పేరు ఇంట్లో తరవాత పుట్టినవాళ్ళకి పెట్టారా, ఆ తర్వాత మీరు ఎప్పుడైనా పడవెక్కారా, ప్రావిడెన్స్ మార్క్‌లో వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చినవాళ్ళు వీధిలో ఎదురైతే మీ అమ్మ పలకరించేదా అని అడుగు. చేసిన పనులు అడుగు, ఏడుపు దానంతటదే వస్తుంది, రాకపోయినా పర్లేదు.

నాకీ సంగతి పుస్తకాల వల్ల తెలియలేదు. మా అమ్మమ్మ చెల్లెలి భర్త బర్మాలో రంగూన్ రేవులో పనిచేసేవాడు. 1941 డిసెంబరులో బాంబులు పడ్డాక, మర్నాడో మరుసటి వారమో, మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు వేలకి వేలు ఇండియా వైపు నడక మొదలుపెట్టారు కదా, ఆయనా బయల్దేరాడని ఎవరో చూసినవాళ్ళు చెప్పారు. అంతే. చిన్నమ్మమ్మ బొట్టు తీయలేదు. తిథి తెలియని మనిషికి మహాలయ అమావాస్య నాడు పెట్టేద్దామని మరుదులు ప్రతి ఏడూ ఎత్తేవారు, ఆవిడ ఆ రోజు తెల్లారగట్లే తలుపు గొళ్ళెం పెట్టుకుని బయటికి పోయేది, బ్రాహ్మడు వచ్చి అరుగు మీద కూర్చుని కూర్చుని వెళ్ళిపోయేవాడు. ఆవిడ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన సంగతి ఎత్తితే 'వంకాయ తినేవాడు కాదు' అనేది.

ఇది నీకు చెప్పడం నీ వ్యాసంలో రంగూన్‌నీ గ్రెనడానీ పక్కపక్కన కుట్టెయ్యమని కాదు. ఆ పని చెయ్యకు, ఇద్దరు మనుషుల దుఃఖాన్ని త్రాసులో పెట్టినట్టుంటుంది. మీ ఇంట్లో కూడా ఇలాంటి మనిషి ఉండొచ్చు, మీ నాయనమ్మకి ఫోన్ చేసి కనుక్కో. కాకినాడ, విశాఖల మీద 1942 ఏప్రిల్ 6న బాంబులు పడ్డ రోజు ఆవిడ ఎక్కడుందో అడిగావా ఎప్పుడైనా? తొమ్మిదిన్నర గంటల తేడా, నీకు పొద్దున్న ఎనిమిదైతే ఆవిడకి సాయంత్రం అయిదున్నర, సీరియల్ మొదలవ్వకముందే చెయ్యి. అది రాయడానికి కాదు. అది తెలిస్తే ఓనరమ్మ ముందు కూర్చునే పద్ధతి మారుతుంది.

1983 గురించి కూడా రాశావు, అక్కడ మాత్రం నెమ్మది. నువ్వు దిగిన ఎయిర్‌పోర్టుకి పేరున్న ప్రధాని మారిస్ బిషప్‌ని అక్టోబరు 19న కోటలో కాల్చేశారు, ఆయన శవం కూడా ఇప్పటికీ కుటుంబానికి అందలేదు, 25న అమెరికా సైన్యం దిగింది, మీ మెడికల్ కాలేజీ విద్యార్థుల భద్రత అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. ఇదంతా తెలిసిందే. నీకు తెలియనిది, ఆ దీవి జనాభా లక్షా పదివేలు అటూఇటూ. కాల్చినవాళ్ళ తమ్ముడూ, పోయినవాళ్ళ మేనల్లుడూ ఒకే బేకరీ ముందు క్యూలో నిలబడతారు. నేనక్కడ పాఠాలు చెప్పిన రోజుల్లో స్టాఫ్‌రూమ్‌లో క్రికెట్ మీద గొంతులు చించుకునేవాళ్ళు ఈ ఒక్క మాట వస్తే కాఫీ కప్పులు కడుక్కోవడానికి లేచిపోయేవాళ్ళు. ఎవరు ఏ పక్షం అని నువ్వు అడగకు, నీ వీసా నాలుగేళ్ళే, వాళ్ళు అక్కడే బతకాలి.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నా. 'ఓనరమ్మకి తెలుగు రాదుగా మాస్టారూ, ఫరవాలేదు' అని మెసేజ్ పెట్టావు చూడు, అది నాకు నచ్చలేదు. ఆవిడకి రాదు కాబట్టే నీ బాధ్యత ఎక్కువ. తప్పు రాస్తే నిన్ను దిద్దడానికి ఆవిడ ఉండదు, ఇక్కడ చదివేవాళ్ళకి అసలే తెలియదు. వ్యాసం అయ్యాక ఒకరోజు వరండాలో కూర్చుని మొత్తం ఇంగ్లిష్‌లో ఆవిడకి చెప్పు, ఏ వాక్యం దగ్గర ఆవిడ మొహం తిప్పుకుంటే ఆ వాక్యం తీసెయ్. అక్క పేరు మార్చమంటే మార్చు. వద్దు, అసలు పేరే ఉంచమని పట్టుబట్టినా పట్టుబట్టొచ్చు, ముసలివాళ్ళని ముందే ఊహించకు.

నీ గురించి నువ్వు రాసుకున్న చివరి పేజీ, ఇల్లు గుర్తొచ్చి ఏడ్చిన రాత్రి, ఉంచాలా వద్దా అని అడిగావు. సగం ఉంచు. దూరదేశంలో ఉన్నవాళ్ళ ఏడుపు నిజమే, మా నాన్న పోయినప్పుడు టిక్కెట్లు దొరికి నేను చేరేసరికి కర్మ రోజులు కూడా అయిపోవచ్చాయి, ఆ విమానంలో ఏమనుకున్నానో ఇప్పటికీ ఎక్కడా రాయలేదు. కానీ ఆ పేజీ ఓనరమ్మ అక్క తర్వాత వస్తే మాత్రం నీ వీడియో కాల్ బెంగ చిన్నబోతుంది, పాఠకుడికి నీ మీద చిరాకొస్తుంది. ముందుకు జరుపు, వ్యాను సీను పక్కకి. కొత్తగా దిగినప్పటి బెంగగా అక్కడ ఒదుగుతుంది.

పరీక్షలయ్యాకే మళ్ళీ కూర్చో, అనాటమీ పోగొట్టుకుని నా మీద నింద వెయ్యకు. ఓనరమ్మకి వయసైంది కాబట్టి అడగడం మాత్రం ఆలస్యం చెయ్యకు, రాయడం తర్వాత. ఫోన్లో రికార్డు చేసే ముందు ఆవిడని అడుగు. ఈసారి వర్డ్ ఫైల్ పంపు, వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు పంపితే చదవడానికి నాకు మా మనవడి సాయం కావాల్సొస్తోంది, వాడు పేజీకి పది రూపాయలు అడుగుతున్నాడు.

మీ మాస్టారు