గేట్లు తగ్గినా పవర్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: నమస్తే సార్. నేను ఎం.టెక్ వీఎల్‌ఎస్ఐ (చిప్ డిజైన్) చేస్తున్నాను. మెమరీలోకి వెళ్లే 64 బిట్ల డేటాకు, తప్పులు పట్టి దిద్దడానికి 8 చెక్ బిట్లు కలిపే ఈసీసీ ఎన్‌కోడర్ నా ప్రాజెక్టు. చెక్ బిట్లకు ఉమ్మడిగా వచ్చే ఎక్సార్‌లను (రెండు ఇన్‌పుట్లు వేరైతేనే 1 ఇచ్చే గేట్లను) ఒక్కసారే చేయించి గేట్లు బాగా తగ్గించాను. ఏరియా తగ్గింది కానీ, తీరా పవర్ రిపోర్టు చూస్తే ముందుకంటే ఎక్కువ వచ్చింది. వచ్చే వారం రివ్యూ, ఒకటే టెన్షన్. తప్పెక్కడ జరిగింది?
- ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: తప్పేమీ లేదమ్మా, లెక్కపెట్టాల్సింది ఒకటైతే మీరు ఇంకొకటి లెక్కపెట్టారు. ఊరికే కారిపోయే కరెంటు, అంటే లీకేజీ సంగతి పక్కన పెడితే, గేటు ఊరికే కూర్చున్నంతసేపూ ఏమీ తినదు, అవుట్‌పుట్ 0 నుంచి 1కో 1 నుంచి 0కో మారినప్పుడే తింటుంది. కాబట్టి ఎన్ని గేట్లున్నాయన్నది కాదు, ఎన్నిసార్లు మారాయన్నది చూడాలి.

ఎక్సార్‌కు కడుపులో ఏదీ దాచుకునే గుణం లేదు. ఆండ్ గేటుకైతే ఒక ఇన్‌పుట్ 0గా ఉంటే రెండోది ఎంత గెంతినా చలనం ఉండదు. ఎక్సార్‌కు ఏ ఇన్‌పుట్ కదిలినా అవుట్‌పుట్ కదలాల్సిందే. ఒక్క గేటును తీసుకుని చూడండి. రెండు ఇన్‌పుట్లూ 0, 0 నుంచి 1, 1కి మారాయనుకుందాం. జవాబు ముందూ 0, తర్వాతా 0. కానీ అందులో ఒకటి కాస్త ఆలస్యంగా వచ్చిందంటే మధ్యలో అవుట్‌పుట్ ఒకసారి 1కి లేచి మళ్లీ పడిపోతుంది. పనేమీ జరగలేదు, రెండు మార్పుల కరెంటు మాత్రం పోయింది. పైగా అర్ధరాత్రి వీధి చివర ఒక కుక్క మొరిగితే సందులన్నీ అందుకున్నట్టు, ఆ గ్లిచ్ ముందున్న ఎక్సార్‌లన్నిటికీ పాకుతుంది. గేట్లను ఉమ్మడి చేసినప్పుడు మీకు కొన్ని దారులు పొడుగ్గా, కొన్ని పొట్టిగా తయారై ఉంటాయని నా అనుమానం. డిలేలతో సహా గేట్ లెవల్ సిమ్యులేషన్ నడిపి చూడండి, డిలేలు లేకుండా నడిపితే గ్లిచ్‌లు కనిపించవు.

ఏ డేటా బిట్ ఏ చెక్ బిట్ లెక్కలోకి వెళ్తుందో చెప్పే పట్టిక, అంటే మ్యాట్రిక్స్, ఏది వాడారో రాయలేదు. అందులో ఒక్కో డేటా బిట్‌కు ఒక కాలమ్, ఒక్కో చెక్ బిట్‌కు ఒక వరుస. 1950 నాటి హామింగ్ కోడ్‌కు ఇంకో పారిటీ బిట్ (ఒకట్ల సంఖ్య సరో బేసో చెప్పేది) తగిలించి వాడుతుంటే దాన్ని వదిలేసి, 1970లో ఐబీఎంలో సియావో ఇచ్చిన బేసి కాలమ్‌ల (ప్రతి కాలమ్‌లో ఒకట్లు బేసి సంఖ్యలో ఉండే) కోడ్ తీసుకోండి. అందులో 56 బిట్ల కాలమ్‌లలో మూడేసి ఒకట్లు, మిగతా 8 బిట్లకు ఐదేసి. మొత్తం 208, సర్దుకుంటే వరుసకు 26. అంటే ఒక్కో చెక్ బిట్‌కు 25 ఎక్సార్‌లు, అన్నీ కలిపి 200. గొలుసులా కడితే మొదట్లో ఉన్న బిట్ 25 గేట్లు దాటాలి, చెట్టులా కడితే ఐదు దాటితే చాలు, దారులు కూడా దాదాపు సమానం.

ఐదు ఒకట్లున్న ఆ 8 కాలమ్‌లు ఎవరికి ఇస్తారన్నది అసలు ప్రశ్న. ఏ బిట్‌కు ఏ కాలమ్ ఇచ్చినా ఒక తప్పు దిద్దడం, రెండు తప్పులు పట్టడం మారవు. పవర్ మారుతుంది. మూడు ఒకట్లున్న బిట్ కదిలితే మూడు చెట్లు ఊగుతాయి, ఐదున్నది కదిలితే ఐదు. కాబట్టి బరువు కాలమ్‌లు కదలని బిట్లకు ఇవ్వాలి. పాయింటర్లలో (మెమరీ చిరునామాల్లో) పై 16 బిట్లు దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాయి. అలాగని పై బిట్లన్నీ బుద్ధిమంతులనుకోకండి, ఒక చిన్న సంఖ్య సున్నాకు అటూ ఇటూ ఊగిందంటే పై బిట్లన్నీ ఒక్కసారే తిరగబడతాయి. నిజం ప్రోగ్రామ్ నడిచినప్పటి డేటా రికార్డు (ట్రేస్) తీసుకుని ఏ బిట్ ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. రాండమ్ డేటాతో కొలిస్తే అన్ని బిట్లూ సగం సార్లు మారినట్టే వస్తుంది, మీ శ్రమ రిపోర్టులో కనిపించదు (ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది).

ఎన్‌కోడర్ ముందు డేటాను ఆపి ఉంచే లాచ్ ఉందా? లేకపోతే బస్ మీద ఎవరి డేటా పోతున్నా మీ ఎక్సార్‌లు లెక్కలు కట్టుకుంటూ కూర్చుంటాయి, ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరిగినట్టు. రైట్ ఎనేబుల్ వస్తేనే కొత్త డేటా లోపలికి పోవాలి. ఇంకొకటి, 64 బిట్లలో ఒక్క బైటే రాయాలన్నా చెక్ బిట్లు మొత్తానికీ కాబట్టి పాతదంతా చదివి, బైటు మార్చి, మళ్లీ రాయాలి. ఆ రీడ్ ముందు 200 గేట్లు చిల్లర ఖర్చు. చిన్న రైట్లను ఒక బఫర్‌లో పోగేసి ఒకేసారి రాసే వీలుందేమో మీ గైడ్ గారిని అడగండి.

ప్రశ్న: గాజువాకలో డీటీపీ సెంటర్ నడుపుతున్నానండీ. పాత సర్వర్ ఒకటి చవగ్గా వస్తోంది, అందులో ఈసీసీ ర్యామ్ ఉందట. కరెంటు బిల్లు పెరుగుతుందా?

జవాబు: ర్యామ్ వల్లయితే భయం లేదండీ. మామూలుగా 8 చిప్‌లుండే చోట 9 ఉంటాయి, అంతే. బిల్లు పెంచేది సర్వర్ ఫ్యాన్లు, వాటి వేడికి మన వైజాగ్ ఉక్కలో మీరు వేసుకునే ఏసీ. ఆ ర్యామ్ తీసి పాత డెస్క్‌టాప్‌లో వేద్దామనుకుంటే మాత్రం కొనకండి, సర్వర్లలో ఎక్కువగా ఉండే రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు బోర్డులో పనిచేయదు.