నీ చేతికి కట్టే గుడ్డను నువ్వే చూసుకో, బిడ్డా

బిడ్డా,

నువ్వు ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు సంతకం పెట్టావని అక్క ఫోన్ చేసి చెప్పింది, చెప్పి ఏడ్చింది. నేనేమో దేవరకొండ బస్టాండులో టీ తాగుతూ పక్కనున్న వాళ్లందరికీ చెప్పేశాను. భయం రాత్రికి గానీ పట్టుకోలేదు.

కాగితం చదవకుండానే సంతకం చేసి ఉంటావు, ఇప్పుడైనా చదువు. బరువు తగ్గడానికి మూత్రం మాత్రలు మింగావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి చెంప పగలగొడతా. అవి కూడా డోపింగ్ జాబితాలోవే. ఇకమీదట తలకు హెడ్‌గార్డు ఉండదు, గ్లవ్ నీ బరువుకు 8 ఔన్సులే. ఇవన్నీ నీ కోచ్ చెప్తాడు.

కోచ్ చెప్పనిది ఒకటుంది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు హైదరాబాదులో ఒక పోటీ. మా ఉస్తాద్ బ్యాండేజీని తడిపి, పిడికిలి మీద మడతలు మడతలుగా వేసి కట్టాడు. అది ఆరాక పిడికిలి ఇటుకలాగా అయింది. తెలిసింది బిడ్డా, నాకు తెలిసింది. గ్లవ్ తొడుక్కునేటప్పుడు వేళ్లు ముడుచుకోలేదు. "ఏందిది ఉస్తాద్?" అని అడగడానికి నోరు రాలేదు. నన్ను కొడుకులా చూసుకున్న మనిషి, సొంత డబ్బుతో పాలు తాగించినవాడు. రెండో రౌండులో అవతలి పిల్లగాడి కనుబొమ్మ చిట్లింది, నేను గెలిచాను. గ్లవ్స్ తీశాక వాడు ఒక కన్ను మూసుకుపోయిన మొహంతోనే వచ్చి చేయి కలిపాడు. నా చేతిని పట్టుకున్నవాడు ఒక్క క్షణం వదల్లేదు. బొటనవేలితో ఒత్తి చూశాడు. తర్వాత నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. కప్పు అటక మీద పడేశాను, మీ అత్త ఎన్నోసార్లు తోమి కింద పెట్టింది, మళ్లీ ఎక్కించాను.

1983లో న్యూయార్క్‌లో ఇలాగే బిల్లీ కాలిన్స్ అనే బాక్సర్ తండ్రి, పోటీలో తన కొడుకును కొట్టిన లూయిస్ రెస్టో చేయి పట్టుకుని చూశాడు. గ్లవ్ లోపల ఉండాల్సిన మెత్తటి పాడింగ్ లేదు. కాలిన్స్ కన్ను దెబ్బతిని మళ్లీ రింగెక్కలేదు, మరుసటి ఏడాది కారు ప్రమాదంలో పోయాడు. రెస్టో, అతని ట్రైనర్ పనామా లూయిస్ ఇద్దరూ జైలుకెళ్లారు. పాడింగ్ తీశారని తనకు ముందే తెలుసని రెస్టో ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు దాటింది. ఆ వార్త చదివి ఆ పూట అన్నం తినలేకపోయాను.

అవతలివాళ్ల మోసం పట్టుకోవడానికి మనుషులుంటారు. 2009లో మార్గరిటో అనే బాక్సర్ చేతికట్టులో గట్టిపడిన పదార్థాన్ని పట్టించింది, అవతలి బాక్సర్ షేన్ మోస్లీ తరఫున కట్టు చూడ్డానికి వెళ్లిన ట్రైనరే. నీ పోరుకు ముందు కూడా అలా ఎవరో వచ్చి నిలబడి చూస్తారు. కోపం తెచ్చుకోకు, కుర్చీ వేసి కూర్చోబెట్టు.

నీ చేతికి నీవాళ్లు కట్టేటప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టు. పిడికిలి మూసి తెరిచి చూడు. తేడాగా అనిపిస్తే విప్పమను. పెద్దవాడు బాధపడితే పడనీ, తర్వాత కాళ్లకు దండం పెట్టుకోవచ్చు.

దసరాకు రా, ఎలా కట్టాలో నేనే చూపిస్తా. చేతులు కొంచెం వణుకుతున్నాయిగానీ ముడి ఇంకా బాగానే వేస్తాను. అత్త జొన్నరొట్టెలు చేస్తానంటోంది, బరువు చూసే తేదీ దగ్గర్లో లేకుండా చూసుకుని రా.

మీ మామ