దూడలు చిన్నగా పుడుతున్నాయా? టానిక్ కాదు, ఆంబోతుని మార్చండి

ప్రశ్న: సార్, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఐదు ఒంగోలు ఆవులున్నాయి. దూడలు ఏటికేడు చిన్నగా పుడుతున్నాయి. 22 నెలల పెయ్యకి ఇంకా ఎద రాలేదు, ఛాతీ చుట్టుకొలత 54 అంగుళాలు, పొడవు 46. మందుల షాపాయన క్యాల్షియం, లివర్ టానిక్ ఇచ్చాడు, ఎద ఇంజక్షన్ చేయిద్దాం అంటున్నాడు, బ్రెజిల్ సెమెన్ తెప్పిస్తా సైజు అదే వస్తది అంటున్నాడు. ఇప్పటిదాకా ఊళ్ళో దేవుడి ఆంబోతుకే కట్టిస్తున్నాం, ఏడేళ్ళ నుంచి అదే. ఈ పెయ్య తల్లి కూడా దానికి పుట్టిందే. ఇంకో ఆవు రెండుసార్లు తిరగపొర్లింది, కట్టించినా చూలు నిలవక మళ్ళీ ఎదకొచ్చింది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ టానిక్ బాటిళ్ళు పక్కన పెట్టండి. చివర్లో ఏదో మాటవరసకి రాసినట్టు రాశారే, ఏడేళ్ళ నుంచి ఒకటే ఆంబోతు అని, నాకు అనుమానం దాని మీదే. తండ్రికి కూతుర్ని కట్టిస్తే పుట్టే దూడలో ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి రక్తం కలవడం) 25 శాతం అండి, దూడ బక్కగా పుట్టుద్ది, ఎదుగుదల మందగిస్తది, చూలు నిలవదు, దీన్ని క్యాల్షియం ఏం చేస్తది చెప్పండి. మీ పెయ్య సరిగ్గా ఈ లెక్కలోదే, దానికి తండ్రీ తాతా ఒక్కరే. ఇప్పుడు దాన్ని కూడా తీసుకెళ్ళి అక్కడికే తోలతారు మీరు! ఆంబోతు ఎంత మంచిదైనా మూడేళ్ళకి ఊరు మార్చాల్సిందే, ఎందుకంటే అప్పటికి దాని కూతుళ్ళు ఎదకొస్తాయి. అచ్చోసి వదిలాం, దేవుడిది అంటారు, సరే, దేవుడి పేరుతోనే దూరపు ఊరితో మార్పిడి చేసుకోండి, కాకపోతే పంపేముందు, కొత్తది తెచ్చేముందు రెండిటికీ బ్రూసెల్లా (చూలు పోగొట్టే అంటురోగం) రక్తపరీక్ష చేయించాలి.

పెయ్య సంగతి. ఒంగోలుకి 22 నెలలకి ఎద రాకపోతే అది లేటు కాదు, మీరు జెర్సీ క్రాస్ పెయ్యతో పోల్చుకుంటున్నారు. వయసు కాదు, బరువు చూడండి. చుట్టుకొలతని చుట్టుకొలతతో, దాన్ని పొడవుతో గుణించి 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. మీ కొలతలకి 203 కిలోలు వచ్చింది (పొడవు భుజం ఎముక దగ్గర్నుంచి పిర్ర ఎముక దాకానే కదా కొలిచింది? తోక దాకా లాగితే లెక్క తప్పు). 270 కిలోలు రాకుండా ఎద ఇంజక్షన్ జోలికి వెళ్ళొద్దు, ఒకవేళ చూలు కట్టినా ఈనేటప్పుడు మీరే డాక్టర్ కోసం పరిగెత్తాలి. రోజుకి దాణా కిలోన్నర, పచ్చిమేత 10 కిలోలు, వరిగడ్డి 2 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 40 గ్రాములు, ఉప్పు 20 గ్రాములు. పేడ పరీక్ష చేయించి గుండ్రటి పురుగులుంటే ఫెన్‌బెండజోల్ 1.5 గ్రాముల బోలస్ (పెద్ద మాత్ర) ఒకటి, కాలవ గట్ల మీద మేపుతుంటే జలగ వ్యాధి (కాలేయంలో చేరే పురుగు) ఉండొచ్చు, దానికి ఈ మందు సరిపోదు, డాక్టర్ని అడగండి. రోజుకి 400 గ్రాములు పెరిగినా ఐదున్నర నెలల్లో 270కి వస్తది.

ఇక బ్రెజిల్. అక్కడ నెలోర్ అనే జాతి మన దగ్గర్నుంచి పోయిందే, పేరులోనే నెల్లూరు ఉంది. వియాటినా-19 అనే ఆవు 1,100 కిలోలు తూగింది, 2023లో దాని వాటా వేలం వేస్తే మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది, ఆ వీడియోలు చూపించే మీ షాపాయన ఊరిస్తున్నాడు. వాళ్ళకి వందల ఎకరాల బీడు ఉంది, మాంసం లెక్క వాళ్ళది. అక్కడ కూడా ఆవు సైజు పెరిగితే మేత ఖర్చు పెరుగుద్ది, దూడ బరువు అంత పెరగదని రాంచ్ వాళ్ళే తల పట్టుకుంటారు. ఆవు 100 కిలోలు ఎక్కువ తూగితే రోజుకి రెండు కిలోల పైనే ఎండుమేత అదనం, ఏడాదికి ఎనిమిది క్వింటాళ్ళ దాకా, ఎక్కడ తెస్తారు? పైగా బయటి దేశం సెమెన్‌కి కేంద్రం పర్మిషన్ కావాలి, షాపాయన బ్యాగులోంచి తీసేది ఏంటో ఆయనకే తెలియాలి. తొలిచూలుకి భారీ ఆంబోతు సెమెన్ అసలే వద్దు. 430 కిలోల ఒంగోలు ఆవు మీకు చాలు, గుంటూరు పక్కనే లాం ఫారంలో మంద ఉంది, ఒకసారి వెళ్ళి చూసి రండి.

సెమెన్ వేయించినప్పుడు స్ట్రా (సెమెన్ నింపిన సన్నటి గొట్టం) మీద ఆంబోతు నంబర్ ఉంటుంది, చిన్న అక్షరాలు, కళ్ళజోడు పెట్టుకోవాలి. అది నోట్‌బుక్‌లో రాయండి, పక్కన ఆవు చెవి ట్యాగ్ 12 అంకెలు, తేదీ. ఒక ఊళ్ళో నేను నంబర్ అడిగితే పేడగుంటలో పడేశామని చూపించారు, వంగి వెతికితే మూడు స్ట్రాలు దొరికాయి, మూడూ ఒకే నంబర్! అందుకే ఇంత చెప్తున్నా. అదే నంబర్ దాని కూతుళ్ళకి వద్దు.

తిరగపొర్లిన ఆవు: పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించండి. ఒంగోలుకి ఎద ఎక్కువగా రాత్రిపూట, మూగగా వస్తది, తెల్లారగానే తీగ (ఎదలో ఆవుకి వెనక నుంచి కారే జిగురు) చూడండి. తీగ గాజులా తేటగా ఉంటే వేయించొచ్చు, చీము చారలుంటే ఆ ఎద వదిలేసి డాక్టర్‌కి చూపించండి.