వీధి బాగుంది, గోడలే కలవలేదు

ప్రశ్న: మాది బొబ్బిలి. బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్. రెండేళ్లుగా యూట్యూబ్ చూసి బ్లెండర్ అనే త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను. విశాఖపట్నంలో ఒక గేమ్ స్టూడియో టెస్టు ఇస్తే మా అమ్మమ్మగారి ఊళ్లోని పెంకుటిళ్ల వీధి చేసి పంపాను. 'చూడ్డానికి బాగుంది, కానీ ముక్కలు గ్రిడ్ మీద లేవు, గోడల సందుల్లోంచి వెలుతురు వస్తోంది' అని తిప్పి పంపారు. నేను స్నాప్, అంటే జరిపిన ముక్క సమాన దూరాల్లో గెంతే ఏర్పాటు, ఆన్ చేసుకునే పని చేశాను. హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సుకి లక్షన్నర అడుగుతున్నారు, నాన్న అప్పు తెస్తానంటున్నారు. చేరమంటారా? ఫైల్ జత చేస్తున్నాను.

జవాబు: అమ్మా, అప్పు సంగతి ప్రస్తుతానికి ఆపమని నాన్నగారికి చెప్పు. స్టూడియో వాళ్లు రాసిన మాట ఇంకోసారి చదువు. నీకు బొమ్మ చేయడం రాదనలేదు, రంగులు బాలేదనలేదు. ముక్కలు గ్రిడ్ మీద, అంటే తెర మీది సమాన గళ్ల గీతల మీద, లేవన్నారు, గోడకీ గోడకీ మధ్య సందు ఉందన్నారు. అది లక్షన్నర పెట్టి నేర్చుకునే విద్య కాదు. మూడు వారాలు ఓపిగ్గా కూర్చుంటే పోయే లోపం.

నీ ఫైల్ తెరిచి చూశాను. ఎన్ నొక్కితే పక్కన వచ్చే పట్టీలో మూడో ఇంటి మొదటి గోడకి ఎక్స్ దగ్గర, అంటే గోడ అడ్డంగా ఎన్ని మీటర్ల దగ్గరుందో చెప్పే చోట, 4.37 అని ఉంది. పక్క గోడ 6.37, ఆ పక్కది 8.41, తర్వాతది 10.41. గోడ పొడవు 2 మీటర్లు కాబట్టి మొదటి రెండూ చక్కగా అతుక్కున్నాయి. అంటే స్నాప్ ఆన్ చేశానని నువ్వన్నది నిజమే. కానీ అది ఇంక్రిమెంట్ పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో వస్తువు తానున్న చోటి నుంచే లెక్కపెట్టుకుని గెంతుతుంది, గ్రిడ్ గీత మీదకి రాదు. 4.37 దగ్గర బయల్దేరితే 5.37, 6.37 అంటూ ఆ 0.37 వెంట వస్తూనే ఉంటుంది. మధ్యలో ఒక్క గోడని స్నాప్ లేకుండా జరిపావు, 4 సెంటీమీటర్ల సందు పడింది. దాన్ని మూయడానికి గోడని చేత్తో సాగదీశావు. స్కేల్ 1.04 అని కనిపిస్తోంది. ఇటు సందు మూసుకుంది గానీ, అటు గోడ 4 సెంటీమీటర్లు పక్క గోడలోకి దూరింది. అక్కడ రెండు ముఖాలూ ఒకేచోట పడి తెర మీద మిణుకుమిణుకుమంటోంది. వీధి పొడుగునా ఇలాంటివి ఏడు లెక్కపెట్టాను. నాలుగు మూశావు, మూడు మర్చిపోయావు.

సంక్రాంతికి ముగ్గు వేసే ఉంటావు కదా. 15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క. పక్క చుక్కని మాత్రమే చూసుకుంటూ పెడితే ఒకటి తప్పినప్పుడు ఆ వరసంతా తప్పుతుంది, చివర్లో గీత కలవదు. మీ అమ్మగారు పై వరసలో సందు చూసి కింద చుక్క పెడతారు. నువ్వు చేసింది మొదటిది, స్టూడియో అడిగింది రెండోది.

స్నాప్ మెనూలో ఇంక్రిమెంట్ తీసేసి గ్రిడ్ పెట్టుకో. పాత వెర్షన్ అయితే ఇంక్రిమెంట్ కిందే ఆబ్సొల్యూట్ గ్రిడ్ స్నాప్ అని టిక్ పెట్టే చోటు ఉంటుంది. ఇప్పటికే తప్పిన గోడలకి షిఫ్ట్-ఎస్ నొక్కి సెలెక్షన్ టు గ్రిడ్ కొట్టు. లేదంటే ఎన్ పట్టీలో అంకె నువ్వే టైప్ చెయ్యి. నాకైతే టైప్ చేయడమే ఇష్టం, అనుమానం ఉండదు. సాగదీసిన గోడలు తీసేసి, సరైన గోడకే కాపీ పెట్టు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నీ ముక్కల ఆరిజిన్‌లు, అంటే ముక్క ఎక్కడుందో లెక్కపెట్టే చుక్కలు, అన్నీ మధ్యలో ఉన్నాయి. ఉదాహరణకి రెండున్నర మీటర్ల గోడకి మధ్యలో ఆరిజిన్ ఉంటే దాన్ని గీత మీద పెట్టినా అంచులు చెరో 1.25 దగ్గర పడతాయి. ఎడిట్ మోడ్‌లో కింది మూల ఎంచుకుని త్రీడీ కర్సర్‌ని (మౌస్ బాణం కాదు) అక్కడికి తెచ్చుకో, తర్వాత ఆరిజిన్‌ని ఆ కర్సర్ మీదకి పంపు. మొదలుపెట్టే ముందే కాగితం మీద కొలతలు రాసుకో: గోడ 2, ఎత్తు 3, గుమ్మం 1 బై 2. అరుగుకి కూడా.

ఇంత పట్టుదల ఎందుకంటావేమో. డిగ్రీ అయ్యాక నేను విజయనగరంలో ఒక డీటీపీ షాపులో చేసేవాణ్ణి. గళ్లు ముందే అచ్చయిన క్యాలెండర్ కాగితం మీద తేదీలు పేర్చే పని. ఆదివారం అంకెని కంటితో చూసి పెట్టి, అదే దూరంతో శనివారం దాకా కాపీ కొట్టాను. ఒక్కో అడుగులో అర మిల్లీమీటరు తేడా. శనివారానికి వచ్చేసరికి 3 మిల్లీమీటర్లయింది, అంకెలు గీత మీద కూర్చున్నాయి. 500 కాపీలు మూల పడ్డాయి. ఆ కట్ట చూసిన రోజు అన్నం సయించలేదు. నీ గోడల మీద అంకెలు చూస్తే అదే గుర్తొచ్చింది.

స్టూడియోలో నీ గుమ్మాన్ని ఇంకొకరు తీసుకెళ్లి 40 ఇళ్లకి పెడతారు. ప్రతి ఇంటి దగ్గరా వాళ్లు సర్దుకోవాల్సి వస్తే నీ ముక్క వాడటం మానేస్తారు. అయితే అన్నీ గ్రిడ్ మీద పెట్టేయకు. పెంకులు, అరుగు మీది చెంబు, గోడెక్కిన పాదు, వీటికి షిఫ్ట్-ట్యాబ్ కొట్టి స్నాప్ తీసేయ్. పాత కప్పు మీద పెంకులు గీత గీసినట్టుంటే అది అమ్మమ్మగారి వీధి కాదు. మూడో ఇంటి కప్పు మీద జారిన పెంకు ఎంత బాగా పెట్టావో, దాన్ని ముట్టుకోవద్దు.

ఈ అలవాటు వేరే పనులకీ పనికొస్తుంది. ఇళ్ల ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో ఎఫ్9 స్నాప్, ఎఫ్3 ఆబ్జెక్ట్ స్నాప్. ఇంటీరియర్ డ్రాయింగ్ వేసేవాళ్ల చెయ్యి రోజంతా వాటి మీదే ఉంటుంది. ఇంకా చదవాలనుంటే మూడేళ్ల డిగ్రీతో సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఐఐటీ బాంబే జనవరిలో పెడుతుంది, ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) సీట్లకి. వయసు పరిమితి లేదు.

కోర్సు విషయం మూడు వారాల తర్వాత చూద్దాం. ఈలోపు పాత ఫైల్ తుడిచేయకుండా కొత్తది వేరే పేరుతో సేవ్ చేసుకో. అయ్యాక అదే స్టూడియోకి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి పంపు: 'మీరు చెప్పిన సందులు సరిచేశాను, గోడలన్నీ 2 మీటర్ల గ్రిడ్ మీద ఉన్నాయి' అని రెండు లైన్లు చాలు. పంపే ముందు ఫైల్‌ని ఓ స్నేహితురాలికిచ్చి, నీ సాయం లేకుండా ఇంకో ఇల్లు పేర్చమను. ఆమె ఎక్కడ ఆగిపోయిందో నాకు రాయి.