బీరువా తాళం ముందు తియ్యండి

ప్రశ్న: మాది తెనాలి. మా పాప తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచి జంతువులు, పురుగులు, పక్షుల గురించిన పుస్తకాలు చేతిలో ఉంటే అన్నం కూడా మర్చిపోయేది. అప్పుడు ముచ్చటేసేది, ఇప్పుడు భయమేస్తోంది. స్కూలు అయ్యాక రాత్రి ఎనిమిదింటి దాకా ఫౌండేషన్ క్లాసులు. వాటిలో మార్కులు బాగా తగ్గాయి. పెద్దయ్యాక వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ అవుతుందట, లేదంటే ఇలాంటి పుస్తకాలే రాస్తుందట. వాళ్ల నాన్న విసిగిపోయి పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. పుస్తకాల నిండా ఎలా గీతలు గీసిందో ఒక పేజీ ఫొటో పంపిస్తున్నాను. జంతువులంటే ఇంత ఇష్టం కదా, బైపీసీలో చేర్పించి నీట్ రాయిస్తే డాక్టర్ అవుతుందా? వెటర్నరీ, ఫారెస్ట్రీ, జువాలజీల్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం నాకు కొత్తది కాదు. ఊరు మారుతుంది, అమ్మాయి బదులు అబ్బాయి ఉంటాడు, పక్షుల బదులు డైనోసార్లు ఉంటాయి. మిగతాదంతా అదే. చివర్లో కోర్సుల గురించి అడుగుతారు గానీ లోపల ఉన్న ప్రశ్న వేరు: "ఈ పిల్ల రేపు తన కాళ్ల మీద తాను నిలబడుతుందా?" ముందు దానికి జవాబు చెప్తాను. నిలబడుతుంది. పద్నాలుగేళ్ల వయసులో ఎవరూ బలవంతపెట్టకుండా గంటలకొద్దీ ఒకే విషయం మీద కూర్చునే పిల్ల గురించి నాకు పెద్దగా టెన్షన్ లేదు. ఏదీ చదవబుద్ధి కావట్లేదనే పిల్లలు నా దగ్గరికి ఎక్కువమంది వస్తారు. వాళ్ల గురించి దిగులు పడతాను.

మీరు పంపిన ఫొటో చూశాను. ఎగ్జిబిషన్‌లో కొన్న పుస్తకంలా ఉంది. పేజీలో పెద్ద చీమ బొమ్మ. ఆరు కాళ్లలో నాలుగు మధ్య భాగం నుంచి, రెండు వెనక పొట్ట నుంచి వచ్చినట్టు వేశారు. మీ పాప ఆ రెండు కాళ్ల మీద పెన్సిల్‌తో ఇంటూ పెట్టి, పక్కన "తప్పు. ఆరూ మధ్యలోంచే రావాలి" అని రాసింది. ఆ పిల్ల చెప్పిందే నిజం. చీమకైనా ఈగకైనా ఆరు కాళ్లూ తలకూ పొట్టకూ మధ్యనున్న భాగానికే ఉంటాయి. బొమ్మ వేసినవాళ్లు చూసుకోలేదు, రాసినవాళ్లు చూసుకోలేదు, అచ్చేసినవాళ్లు చూసుకోలేదు. తెనాలిలో తొమ్మిదో తరగతి పిల్ల పట్టుకుంది. మీకేమో అది గీతలు గీసినట్టు కనిపించింది.

మీవారికి నా మాటగా చెప్పండి. టీవీకి తాళం వేసిన ఇళ్లు చూశాను, ఫోన్ లాక్కున్న ఇళ్లు చూశాను, పుస్తకాలకు తాళం వేసిన ఇల్లు చూడటం ఇదే మొదలు. రాత్రి ఎనిమిదింటి దాకా క్లాసులో కూర్చున్న పిల్లకు మార్కులు తగ్గితే క్లాసుల వైపు చూడాలా, బీరువా వైపు చూడాలా? కోప్పడుతున్నానని అనుకోకండి. అనుకున్నా పరవాలేదు.

ఇక నీట్ సంగతి. "జంతువులంటే ఇష్టం కాబట్టి డాక్టర్" అనే లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు. వానంటే ఇష్టమున్న పిల్లాణ్ణి ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేర్చినట్టుంటుంది. ఆ పిల్లకు మనుషుల వైద్యం మీద ఆసక్తి ఉందా అని ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు.

పాప చెప్పిన ఫొటోగ్రాఫర్ మాట గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఈ రోజుల్లో ఇది ఫ్యాషన్ అయిపోయింది. వారానికి ఇద్దరైనా అడుగుతారు. నాకు దీని మీద అనుమానాలున్నాయి. దూరంగా ఉన్న పక్షిని పట్టే పెద్ద లెన్సు ఒక్కటే కారు ధర పలుకుతుంది. అది ఉన్నవాళ్లు మన ఊళ్లలోనే కావలసినంతమంది ఉన్నారు. వాళ్లకు వేరే వ్యాపారమో ఉద్యోగమో ఉంటుంది, సెలవుల్లో సఫారీకి వెళ్లి పులి ఫొటో తీసుకొస్తారు, నెట్‌లో ఊరికే పెడతారు. ఊరికే దొరికేదానికి డబ్బెవరిస్తారు? నాకు తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు డిగ్రీ మధ్యలో వదిలేసి ఈ దారి పట్టారు. ఒకరు ఇప్పుడు పెళ్లిళ్ల ఫొటోలు తీస్తున్నారు, ఇంకొకరు వర్క్‌షాపులు పెట్టి తనలాంటి కుర్రాళ్ల దగ్గరే ఫీజు తీసుకుంటున్నారు. నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. పక్షి గూడు సరిగ్గా కనపడాలని చుట్టూ ఉన్న కొమ్మలు విరిచేవాళ్లున్నారు. నీడ పోయి పిల్లలు ఎండకు మాడిపోతాయి, దారి తెలిసి కాకులొస్తాయి. ఫొటో మాత్రం అద్భుతంగా వస్తుంది. పాపను కెమెరా ముట్టుకోవద్దనను. ఇంట్లో ఉన్న ఫోన్‌తో పెరట్లో సాలెగూడు తీయమనండి. దాన్ని కెరీర్ అని ఇప్పుడే పేరు పెట్టొద్దు.

మీరడిగిన పోలిక. వెటర్నరీ మంచి చదువు, ఉద్యోగానికి భరోసా ఎక్కువ, మీకు గన్నవరం కాలేజీ దగ్గరే. మన రాష్ట్రంలో దీనికీ నీట్ ర్యాంకే చూస్తారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. అయితే అక్కడ కుక్కపిల్లల్ని ముద్దుచేయడం తక్కువ. గేదెకు చూడి పరీక్ష చేయాలంటే భుజం దాకా గ్లవ్ వేసుకుని చెయ్యి లోపలికి పెట్టాలి. చచ్చిన గొర్రెను కోసి ఎందుకు చచ్చిందో చూడాలి. ఒక ఆదివారం మీ దగ్గరి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ముఖం చూస్తే మీకే తెలుస్తుంది. ఫారెస్ట్రీకి సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది (మేడారం దగ్గరి ములుగు అనుకునేరు, ఇది గజ్వేల్ వైపుది). అది తెలంగాణది కాబట్టి మీకు లోకల్, నాన్‌లోకల్ గొడవ ఉంటుంది. జువాలజీ డిగ్రీ ఒక్కదానితో ఆగిపోతే కష్టం. పీజీ దాకా, ఆ తర్వాత కూడా చదివే ఓపిక ఉండాలి. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట పీజీ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష ఇంజినీరింగ్ చదివినవాళ్లు కూడా రాయొచ్చు. దేశం మొత్తానికి ఏడాదికి 150 చుట్టుపక్కల, కొన్నేళ్లు అంతకంటే తక్కువ పోస్టులు ఉంటాయి కాబట్టి దాన్నే నమ్ముకోమనను. ఎంపీసీ తీసుకుంటే అడవి తలుపు మూసుకుపోతుందన్న భయం మాత్రం వద్దు. పోలిక ఇంతకు మించి ఇప్పుడు అనవసరం. పదో తరగతి ఇంకా ఏడాది దూరంలో ఉంది.

ఇలాంటి పుస్తకాలు రాస్తానన్న మాటను మీరు నవ్వులాటగా తీసుకున్నారు. నాకు మాత్రం ఫొటోగ్రాఫర్ మాట కన్నా అదే గట్టిగా వినిపించింది. డబ్బు సంగతి దాచను: తెలుగులో పిల్లల పుస్తకాలు మాత్రమే రాసి ఇల్లు గడుపుతున్నవాళ్లెవరూ నాకు తెలియదు. టీచరో, సైంటిస్టో, డిజైనరో అయ్యుండి రాస్తారు, బొమ్మలు వేస్తారు. అయితే ఆ పనిలో ఎంత చదువు ఉందో మీరు చూడాలి.

కలివికోడినే తీసుకోండి. కడప జిల్లా చిట్టడవుల్లో తిరిగే పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే, దాన్ని రాత్రిపూట పట్టి చూపించింది ఐతన్న అనే అక్కడి మనిషి. ఈ కథను 24 పేజీల్లో పదేళ్ల పిల్లకు చెప్పాలంటే ఏం కావాలి? రాసేవాళ్లకు అది రాత్రిపూట తిరిగే పక్షని తెలియాలి. బొమ్మ వేసేవాళ్లకు ఈ జాతి పక్షుల కాలికి వెనక వేలు ఉండదని, కొమ్మ పట్టుకుని కూర్చోలేవని, నేల మీదే నడుస్తాయని తెలియాలి. తెలియనివాళ్లు దాన్ని చక్కగా చింతచెట్టు కొమ్మ మీద కూర్చోబెడతారు, చీమకు పొట్ట మీద కాళ్లు పెట్టినట్టే. ఇవన్నీ సరిచూసే మనిషి ఒకరు కావాలి. మీ పాప పెన్సిల్‌తో చేసింది సరిగ్గా ఆ పనే.

తెలుగులో ఇలాంటి పుస్తకాలకు ఇంకో లోటుంది. ఎగ్జిబిషన్లలో అమ్మేవాటిలో చాలావరకు ఎక్కడివో తెచ్చి మాట మార్చినవి. బీవర్ ఉంటుంది, పోలార్ బేర్ ఉంటుంది. మన గోడ మీద తొండ, గుమ్మానికి మట్టిగూడు కట్టే కందిరీగ వెతికినా దొరకవు. అందుకే కొనేటప్పుడు కాస్త చూసి కొనండి. నేషనల్ బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, వీళ్ల జాబితాలు చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగానే చదవొచ్చు.

ఇప్పుడు చేయాల్సినవి. ఫౌండేషన్ క్లాసులు మానిపించమని నేను చెప్పను, ఆ ఫీజు మీరెలా కట్టారో నాకు తెలియదు. కనీసం వారానికి రెండు సాయంత్రాలు ఖాళీగా వదలండి. లెక్కలు వదలనివ్వకండి, రేపు ఏ గ్రూపు తీసుకున్నా, పక్షుల్ని లెక్కపెట్టే పనైనా, అవి కావాలి. చలికాలంలో ఒక ఆదివారం గుంటూరు పక్కన ఉప్పలపాడు తీసుకెళ్లండి. ఊరి చెరువులోనే గూడబాతులు చెట్ల మీద కిక్కిరిసి ఉంటాయి. మీవారు కూడా వెళ్లాలి. అక్కడ ఆయన పాపను ప్రశ్నలడగాలి గానీ పాఠం చెప్పకూడదు.

తాళం తీసిన రోజు ఆ చీమ పుస్తకాన్ని ముందు బయటికి తీయండి. పబ్లిషర్ అడ్రసు మొదటి పేజీ వెనకో, చివరి అట్ట మీదో ఉంటుంది. పాపతో ఒక పోస్టుకార్డు రాయించండి: పేజీ నంబరు, తప్పు ఏమిటి, ఎలా ఉండాలి. పక్కన చీమ బొమ్మ తనే వేయాలి. జవాబు వస్తే నాకూ చెప్పండి.